ఆధునిక ప్రపంచ చరిత్ర రివిజన్: విప్లవాల నుంచి ప్రపంచ యుద్ధాల దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

సివిల్స్‌కి, గ్రూప్స్‌కి చదివేవాళ్లూ, డిగ్రీలో హిస్టరీ తీసుకున్నవాళ్లూ ఈ భాగం దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఒకే మాట అంటారు. చదివాం, నోట్స్ రాశాం, కానీ నెల తిరిగేసరికి ఏదీ గుర్తుండటం లేదు అని. పేర్లు పరాయివి, ఊళ్లు పరాయివి, తేదీలు వందల్లో ఉంటాయి. మరిచిపోవడంలో మీ తప్పేమీ లేదు. కాకపోతే చదివే పద్ధతి కొంచెం మార్చుకోవాలి. ఏ సంఘటన వచ్చినా "ఏం జరిగింది" దగ్గర ఆగకుండా "సరిగ్గా అప్పుడే ఎందుకు జరిగింది" అని అడగండి. రాజులు వందల ఏళ్లుగా నిరంకుశులే, పేదలు వందల ఏళ్లుగా ఆకలితోనే ఉన్నారు. మరి 1789లోనే ఎందుకు తిరగబడ్డారు? 1917లోనే ఎందుకు? ఈ పేజీలోని జవాబులన్నీ ఆ ప్రశ్న పట్టుకునే నడుస్తాయి.

సిలబస్ చాలా పెద్దది. ఎక్కడ మొదలుపెట్టాలి?

1756లో మొదలుపెట్టండి. చాలా పుస్తకాలు 1776తోనో 1789తోనో మొదలవుతాయి కాబట్టి ఇది వింతగా అనిపించవచ్చు. 1756 నుంచి 1763 దాకా ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య సాగిన సప్తవర్ష సంగ్రామం యూరప్‌లో, ఉత్తర అమెరికాలో, కరీబియన్ దీవుల్లో, మన దగ్గర కూడా జరిగింది. 1758 డిసెంబరులో గోదావరి ప్రాంతంలోని చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ సైన్యం, విజయనగరం ఆనంద గజపతి బలగాలు కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించాయి. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. మనం దాన్ని ఆంధ్ర చరిత్రలో విడిగా చదువుతాం. నిజానికి అదంతా ఒకే యుద్ధం.

ఆ యుద్ధం గెలిచిన ఇంగ్లండ్ అప్పు సుమారు 7.5 కోట్ల పౌండ్ల నుంచి 13 కోట్లు దాటింది. ఓడిన ఫ్రాన్స్‌కి మిగిలిందీ అప్పే. తర్వాతి ముప్పై ఏళ్ల చరిత్రలో సగం ఈ రెండు అప్పులు ఎవరి నెత్తిన పడ్డాయన్న కథే.

అమెరికా విప్లవం అంటే పన్నుల గొడవేనా?

పన్నులతో మొదలైంది. అప్పు తీర్చడానికి, అమెరికాలో ఉంచిన సైన్యం ఖర్చుకి బ్రిటిష్ పార్లమెంటు 1765లో స్టాంపు చట్టం తెచ్చింది. పన్ను మొత్తం పెద్దదేం కాదు. లండన్ పార్లమెంటులో మాకు సభ్యులే లేనప్పుడు మా మీద పన్ను వేసే హక్కు మీకెక్కడిది అన్నది వలసవాసుల ప్రశ్న.

విద్యార్థులు ఎక్కువగా పొరబడేది 1773 టీ చట్టం దగ్గర. టీ ధర పెంచినందుకే బోస్టన్‌లో గొడవ జరిగిందని రాసేస్తుంటారు. ఆ చట్టంతో టీ ధర తగ్గింది. అప్పటికి ఈస్టిండియా కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి ఉంది. 1770 కరువులో బెంగాల్ కుదేలైంది, కంపెనీ గోదాముల్లో టీ పేరుకుపోయింది. దాన్ని గట్టెక్కించడానికి అమెరికాలో నేరుగా టీ అమ్ముకునే వెసులుబాటు ఇచ్చారు. దాంతో అక్కడి వర్తకులకు, దొంగచాటుగా డచ్చి టీ తెచ్చి అమ్మేవాళ్లకు దెబ్బ తగిలింది. చవక టీ కొంటే పాత పన్నును ఒప్పుకున్నట్టే అవుతుందని ప్రజలు అనుమానించారు. 1773 డిసెంబరు 16 రాత్రి 342 టీ పెట్టెలు బోస్టన్ రేవు నీళ్లలో పడ్డాయి. బెంగాల్ కరువునీ బోస్టన్‌నీ ఒకే పేరాలో రాయగలిగితే మీ ఆన్సర్ మిగతావాటి మధ్య విడిగా కనిపిస్తుంది.

ఇంకో లింకు కూడా గుర్తుంచుకోండి. 1781లో యార్క్‌టౌన్ దగ్గర అమెరికన్లకు లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిసే 1786లో మన గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు నిర్ణయం చేశాడు. 1802 తర్వాత ఆ పద్ధతే ఉత్తర సర్కారుల జమీందారీలకూ వచ్చింది.

ఫ్రెంచి విప్లవానికి అసలు కారణం తత్వవేత్తల రాతలా, ఆకలా, రాజు అసమర్థతా?

మూడూ ఉన్నాయి, కానీ మూడూ ఒకేసారి పనిచేయలేదు. రూసో, వోల్టేర్ 1778లోనే చనిపోయారు. వాళ్ల భావాలు జనంలోకి వెళ్లి చాలా కాలమైంది. "అప్పుడే ఎందుకు" అంటే మళ్లీ అప్పు దగ్గరికే వెళ్లాలి. ఇంగ్లండ్ మీద పగ తీర్చుకోవడానికి ఫ్రాన్స్ అమెరికా వలసలకు సాయం చేసింది, అదీ అప్పు తెచ్చి. 1788 నాటికి రాజ్యం ఖర్చులో దాదాపు సగం పాత అప్పుల చెల్లింపులకే పోతోంది. మతాధికారులకు, ప్రభువులకు పన్ను మినహాయింపులున్నాయి. వాళ్ల మీద పన్ను వేయాలంటే వాళ్ల సమ్మతి కావాలి. అందుకే 1614 తర్వాత ఎన్నడూ పిలవని ఎస్టేట్స్ జనరల్‌ని, అంటే మతాధికారులు, ప్రభువులు, సామాన్యుల ప్రతినిధుల సభని, లూయీ 16 పిలవాల్సి వచ్చింది. 1789 మే 5న అది వర్సెయిల్స్‌లో సమావేశమైంది.

సరిగ్గా అదే సమయంలో తిండి కరువైంది. 1788 జులైలో వడగళ్ల వాన పంటల్ని నాశనం చేసింది, ఆ తర్వాత చలికాలం దారుణంగా గడిచింది. పారిస్‌లో మామూలు రోజుల్లో 8, 9 సూలకు (సూ అంటే అప్పటి ఫ్రెంచి చిల్లర నాణెం) వచ్చే నాలుగు పౌన్ల రొట్టె 1789లో 14 సూలు దాటింది. భవన నిర్మాణంలో రోజుకూలీకి దొరికేది 20 నుంచి 30 సూలు. అంటే రోజు సంపాదనలో సగం రొట్టెకే పోతుంది. అద్దె, కట్టెలు, పిల్లల బట్టలు ఆ మిగిలిన సగంలోంచే రావాలి. ఈ లెక్క మనసుకి ఎక్కితే అక్టోబరు 5న వేలమంది ఆడవాళ్లు వర్సెయిల్స్‌కి ఎందుకు నడిచారో ఎవరూ వివరించనక్కర్లేదు. పైన ఖజానా ఖాళీ, కింద కడుపు ఖాళీ, ఈ రెండూ ఒకే ఏడాదిలో కలిశాయి.

బాస్టిల్ కోటలో ఏడుగురే ఖైదీలున్నారట కదా, మరి అంత ప్రాధాన్యం ఎందుకు?

ఏడుగురే, నిజమే. 1789 జులై 14న పారిస్ జనం ఆ జైలు కోట మీదికి ముఖ్యంగా వెళ్లింది తుపాకీ మందు కోసం. అంతకుముందే వేరేచోట తుపాకులు దొరికాయి, మందు మాత్రం బాస్టిల్‌లో ఉంది. ఆ రోజు తేలిన అసలు విషయం ఏమిటంటే, పారిస్‌ని అదుపు చేయడానికి రాజు తన సైనికుల్ని నమ్ముకోలేని స్థితి వచ్చింది. ఫ్రెంచి గార్డులు కొందరు జనం వైపే నిలబడి ఫిరంగులు తెచ్చారు. సైన్యం ఎటు మొగ్గిందన్నది ఏ విప్లవంలోనైనా చూడండి. రష్యా దగ్గర ఇది మళ్లీ కావాలి.

ఫ్రెంచి విప్లవం దశలన్నీ కలగాపులగం అవుతున్నాయి. ఎలా విడదీసుకోవాలి?

అధికారం ఎవరి చేతిలో ఉందో చూసుకుంటూ వెళ్లండి. 1789 నుంచి 1792 దాకా రాజు ఉన్నాడు, రాజ్యాంగం కూడా ఉంది. 1792 సెప్టెంబరులో రాచరికం రద్దయి రిపబ్లిక్ వచ్చింది. 1793 జనవరి 21న లూయీని చంపారు. 1793-94 జాకోబిన్లు అనే తీవ్రవాద విప్లవకారుల భీతావహ పాలన. 1794 జులై 28న వాళ్ల నాయకుడు రోబెస్పియర్ తలే తెగింది. 1795 నుంచి అయిదుగురు డైరెక్టర్ల పాలన. 1799 నవంబరులో నెపోలియన్.

ఒక దశ నుంచి ఇంకో దశకి ఎందుకు జారింది అన్నది మాత్రం రెండు సంఘటనల్లో దొరుకుతుంది. 1791 జూన్‌లో రాజు మారువేషంలో పారిపోతూ వారెన్ దగ్గర దొరికిపోయాడు. ఆ తర్వాత రాజుతో కూడిన రాజ్యాంగాన్ని నమ్మడం కష్టమైంది. 1792 ఏప్రిల్‌లో ఆస్ట్రియాతో యుద్ధం మొదలైంది. శత్రువు సరిహద్దులో ఉన్నాడన్న భయం లేకపోతే భీతావహ పాలన అంతదూరం వెళ్లేది కాదని నా అభిప్రాయం. రోబెస్పియర్ స్వభావం మీదే మొత్తం తోసేసే ఆన్సర్లు పసగా ఉండవు.

హైతీ గురించి రెండు లైన్లే ఉంటాయి పుస్తకాల్లో. చదవాలా?

తప్పకుండా చదవండి. ప్రపంచ చరిత్రలో అన్యాయంగా పక్కన పెట్టిన అధ్యాయం ఏదైనా ఉంటే అది ఇదే. కరీబియన్‌లోని ఈ దేశం పేరు అప్పట్లో సాన్ డొమింగ్. ఫ్రాన్స్ వలసల్లోకెల్లా సంపన్నమైనది, చక్కెర, కాఫీ తోటలతో నిండినది. దాదాపు అయిదు లక్షలమంది ఆఫ్రికన్ బానిసల చెమట మీద నడిచింది. "మనుషులందరూ స్వేచ్ఛగా, సమాన హక్కులతో పుడతారు" అని 1789 ఆగస్టులో పారిస్ ప్రకటించింది. ఆ మనుషుల్లో మేం లేమా అని 1791 ఆగస్టులో ఆ బానిసలు తిరగబడ్డారు.

టూసాఁ లూవెర్త్యూర్ నాయకత్వంలో పోరాటం బలపడింది. 1794లో ఫ్రెంచి కన్వెన్షన్ (అప్పటి ఫ్రాన్స్ చట్టసభ) బానిసత్వాన్ని రద్దు చేసింది. 1802లో నెపోలియన్ బానిసత్వాన్ని మళ్లీ తేవాలని సైన్యాన్ని పంపి, టూసాఁను పట్టి ఫ్రాన్స్‌లోని చలికొండల కోటలో పెట్టాడు. 1803లో ఆయన అక్కడే చనిపోయాడు. కానీ పచ్చజ్వరం, హైతీ సేనలు కలిసి ఫ్రెంచి సైన్యాన్ని తుడిచిపెట్టాయి. కరీబియన్ పథకం కూలిపోవడంతో నెపోలియన్ 1803లో లూసియానాను అమెరికాకు అమ్మేశాడు, అమెరికా విస్తీర్ణం సుమారు రెండింతలైంది. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది.

దీనికి హైతీ మూల్యం కూడా చెల్లించింది. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలతో వచ్చి, మా తోటల యజమానుల నష్టానికి 15 కోట్ల ఫ్రాంకులు కడితేనే మిమ్మల్ని గుర్తిస్తామంది. బానిసలుగా బతికినవాళ్లు తమ స్వేచ్ఛకు తామే డబ్బు కట్టారు. అందుకు తెచ్చిన అప్పులు తరాల తరబడి ఆ దేశాన్ని పీల్చాయి. ఫ్రెంచి విప్లవ ఆదర్శాలు, వాటి పరిమితులు అన్న ప్రశ్న వస్తే ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

పారిశ్రామిక విప్లవం ఇంగ్లండ్‌లోనే మొదట ఎందుకు వచ్చింది?

బొగ్గు, ఇనుము, వలసలు, బ్యాంకులు అని జాబితా రాస్తే సగం మార్కులే. వాటిని కలిపి చెప్పాలి. ఇంగ్లండ్‌లో కూలి ఖరీదు, బొగ్గు చవక. అందుకే మనిషి పని యంత్రం చేస్తే అక్కడ లాభం వచ్చింది. ఆవిరి యంత్రం ముందుగా వచ్చింది కూడా గనుల్లో ఊరే నీళ్లు తోడటానికే, 1712లో న్యూకామెన్ చేతుల మీదుగా. జేమ్స్ వాట్ 1769లో పేటెంట్ తీసుకున్నది దాన్ని మెరుగుపరిచినందుకు.

దీని వెనక మన తీరం కూడా ఉంది. మచిలీపట్నం లాంటి కోరమాండల్ రేవుల నుంచి వెళ్లిన అద్దకపు బట్టలు ఇంగ్లండ్‌లో ఎంతగా అమ్ముడయ్యాయంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల ఒత్తిడితో పార్లమెంటు 1700లో, 1721లో చట్టాలు చేసి వాటిని అడ్డుకుంది. ఆ రక్షణ వెనక, భారతీయ బట్టకు సాటి వచ్చే నూలు తీయాలన్న పట్టుదలతో జెన్నీ, వాటర్ ఫ్రేమ్, 1779లో మ్యూల్ అనే నూలు వడికే యంత్రాలు వచ్చాయి. స్వేచ్ఛా వాణిజ్యం వల్లే ఇంగ్లండ్ ఎదిగిందని రాసే ముందు ఈ రెండు చట్టాలు గుర్తుచేసుకోండి.

1815 నుంచి 1848 దాకా క్లుప్తంగా చెప్పగలరా?

నెపోలియన్ ఓడాక జరిగిన వియన్నా సమావేశంలో ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్, ఇతర పెద్దలు పాత రాజవంశాలను తిరిగి కూర్చోబెట్టారు. 1830లో ఫ్రాన్స్ మళ్లీ కదిలింది, బెల్జియం విడిపోయింది. 1848లో పారిస్, వియన్నా, బెర్లిన్, ఇటలీ రాజ్యాలు వరసగా అంటుకున్నాయి. వెనక 1845-46 నాటి బంగాళాదుంప తెగులు, ధాన్యం కొరత ఉన్నాయి. ఉదారవాదులు కార్మికులకు భయపడి వెనక్కి తగ్గారు, సైన్యాలు రాజుల వైపే ఉండిపోయాయి. అందుకే చాలాచోట్ల ఏడాది తిరగకుండానే చల్లారిపోయింది.

ఇటలీ, జర్మనీ ఏకీకరణల్లో ఏది బాగా చదవాలి?

రెండూ అడుగుతారు, కానీ తర్వాతి యుద్ధాలు అర్థం కావాలంటే జర్మనీ ముఖ్యం. ఇటలీకి మాజినీ ఆలోచన, కావూర్ దౌత్యం, గారిబాల్డి సైన్యం. 1861లో రాజ్యం, 1866లో వెనీషియా, 1870లో రోమ్. జర్మనీకి 1834 నాటి సుంకాల కూటమి, ఆపైన బిస్మార్క్ మూడు యుద్ధాలు: 1864లో డెన్మార్క్‌తో, 1866లో ఆస్ట్రియాతో, 1870-71లో ఫ్రాన్స్‌తో. 1871 జనవరి 18న జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించింది వర్సెయిల్స్ అద్దాల మందిరంలో. 1919లో అదే మందిరంలో మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వర్సెయిల్స్ సంధి మీద జర్మనీ చేత సంతకం పెట్టించారు, అదీ సారాయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగి సరిగ్గా అయిదేళ్లు నిండిన జూన్ 28న.

ఒక్క యువరాజు హత్యతో ప్రపంచమంతా యుద్ధంలోకి ఎలా వెళ్లింది?

హత్య ఒక్కటే చాలదు. ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్లలో అంతకుముందు కూడా సంక్షోభాలు వచ్చాయి. 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలిపేసుకుంది, 1912-13లో రెండు బాల్కన్ యుద్ధాలు జరిగాయి. అప్పుడెప్పుడూ ప్రపంచ యుద్ధం రాలేదు. 1914లో ఎందుకు వచ్చింది?

1905లో జపాన్ చేతిలో ఓడి కుంగిపోయిన రష్యా 1908లో వెనక్కి తగ్గింది. 1914లో మళ్లీ తగ్గితే బాల్కన్లలో తన మాట చెల్లదని అనుకుంది. ఫ్రాన్స్ అప్పులతో రష్యా రైలుమార్గాలు వేస్తోంది, ఇంకో మూడేళ్లు పోతే దాన్ని ఓడించలేమని జర్మన్ సైనికాధికారులు భయపడ్డారు. జర్మనీ జులై మొదటి వారంలోనే ఆస్ట్రియాకి ఏం చేసినా వెనక మేమున్నామని మాటిచ్చింది. జులై 23న ఆస్ట్రియా సెర్బియాకు 48 గంటల గడువుతో తాఖీదు పంపింది. 28న యుద్ధం ప్రకటించింది. 30న రష్యా పూర్తి సైనిక సమీకరణకు ఆదేశించింది. జర్మన్ పథకం ప్రకారం రష్యాతో తలపడాలన్నా ముందు ఫ్రాన్స్‌ని కొట్టాలి, అందుకు బెల్జియం మీదుగా వెళ్లాలి. 1839 ఒప్పందం ప్రకారం బెల్జియం తటస్థతకు బ్రిటన్ హామీదారు. ఆగస్టు 4న బ్రిటన్ దిగింది. బ్రిటన్ దిగింది కాబట్టి ఎవరూ అడక్కుండానే ఇండియా కూడా దిగాల్సి వచ్చింది. పది లక్షలకు పైగా భారత సైనికులు, శ్రామికులు సముద్రాలు దాటారు.

కూటములు, సైనికవాదం, సామ్రాజ్యవాదం, జాతీయవాదం అనే నాలుగు శీర్షికలు వాడండి, తప్పులేదు. వాటి కింద ఈ జులై వారాల కథ లేకపోతే మాత్రం ఆన్సర్ గైడు కాపీలా ఉంటుంది.

ఫిబ్రవరి విప్లవం మార్చిలో, అక్టోబరు విప్లవం నవంబరులో ఎందుకు జరిగాయి?

రష్యాలో అప్పటికి జూలియన్ క్యాలెండరు నడుస్తోంది, యూరప్‌లో చాలా దేశాల కంటే 13 రోజులు వెనక. 1918 ఫిబ్రవరిలో మార్చారు. బిట్ పేపర్లో ఏ క్యాలెండరు ప్రకారం అడిగారో ఒకసారి చూసుకోండి.

రష్యాలో 1905లో ఓడిన విప్లవం 1917లో ఎలా గెలిచింది?

1905లో సైన్యంలో చాలాభాగం జారు చక్రవర్తి మాట విన్నది. 1917లో మూడేళ్ల యుద్ధం తర్వాత రాజధాని పెట్రోగ్రాడ్‌లోని దండు జనంలో కలిసిపోయింది. మార్చి 8న మహిళా దినం నాడు రొట్టె కోసం మిల్లు కార్మిక స్త్రీలు వీధుల్లోకి వచ్చారు, వారం తిరిగేసరికి జారు గద్దె దిగాడు. అక్కడితో ఆగకపోవడానికి కారణం తాత్కాలిక ప్రభుత్వమే. అది యుద్ధం ఆపలేదు, భూమి పంచలేదు. ఏప్రిల్‌లో తిరిగొచ్చిన బోల్షెవిక్ నాయకుడు లెనిన్ శాంతి, భూమి, రొట్టె అన్నాడు. నవంబరు 7 నాటికి ఆ ప్రభుత్వాన్ని కాపాడటానికి ముందుకొచ్చినవాళ్లు బహు కొద్దిమంది.

వర్సెయిల్స్ సంధి వల్లే హిట్లర్ వచ్చాడని రాయొచ్చా?

"వల్లే" అన్న మాట తీసేయండి. ఈ విషయంలో నేను పట్టుబట్టి చెబుతాను, ఎందుకంటే ఇది ఒక ప్రజాస్వామ్యం ఎలా చచ్చిపోయిందన్న ప్రశ్న.

సంధి కఠినమైనదే. 231వ అధికరణం యుద్ధ బాధ్యతను జర్మనీ, దాని మిత్రుల మీద పెట్టింది. సైన్యాన్ని లక్షకు కుదించింది. 1921లో నష్టపరిహారం 13,200 కోట్ల బంగారు మార్కులని తేల్చారు. 1923 నవంబరులో డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది, జనం దాచుకున్న డబ్బు కాగితమైపోయింది. ఆ నెలలోనే హిట్లర్ మ్యూనిక్‌లో తిరుగుబాటు చేసి విఫలమై జైలుకెళ్లాడు.

ఇప్పుడు ఈ అంకెలు చూడండి. 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చిన ఓట్లు 2.6 శాతం. సంధికి తొమ్మిదేళ్లు, ద్రవ్యోల్బణానికి అయిదేళ్లు గడిచాక కూడా వందలో ముగ్గురు వాళ్లకి ఓటెయ్యలేదు. 1930లో 18.3 శాతం. 1932 జులైలో 37.3 శాతం. మధ్యలో ఏం జరిగింది? 1929లో అమెరికా మార్కెట్ కూలింది, జర్మనీని నిలబెట్టిన అమెరికా అప్పులు వెనక్కి పోయాయి, 1932 నాటికి సుమారు 60 లక్షలమందికి పని లేదు.

ఇంకో మెట్టు కూడా ఉంది. 1932 నవంబరులో నాజీల ఓట్లు 33.1 శాతానికి తగ్గాయి. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ వాళ్లకి సగం ఓట్లు రాలేదు. 1933 జనవరి 30న హిట్లర్‌ని ఛాన్సలర్‌గా నియమించింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్. హిట్లర్‌ని తమ చెప్పుచేతల్లో పెట్టుకోవచ్చనుకున్న పాపెన్ లాంటి నాయకులు ఆయన్ను ఒప్పించారు. కమ్యూనిస్టులు, సోషల్ డెమోక్రాట్లు ఒకరినొకరు ప్రధాన శత్రువులుగా చూసుకున్నారు. మార్చి 23న చట్టాలు చేసే అధికారాన్ని పార్లమెంటే హిట్లర్ ప్రభుత్వానికి అప్పగించింది. అక్కడి నుంచి 60 లక్షలమంది యూదుల హత్య దాకా పోయిన దారిలో సంధి ఒక కారణం, మాంద్యం ఇంకోటి, ఆ జనవరిలో కొద్దిమంది తీసుకున్న నిర్ణయం మూడోది. మూడూ రాయండి.

రెండో ప్రపంచ యుద్ధం 1939లోనే మొదలైందా?

యూరప్‌కి 1939 సెప్టెంబరు 1. చైనావాళ్లకి 1937 జులై 7నే మొదలైంది, 1931లో మంచూరియా అప్పటికే పోయింది. ఆసియా వైపు కూడా రాస్తే ఆన్సర్ నిండుగా ఉంటుంది. అలాగే హిట్లర్ సేనల నడుం విరిగింది ప్రధానంగా తూర్పున. సోవియట్ యూనియన్ దాదాపు 2.7 కోట్లమందిని కోల్పోయింది. 1944 నార్మండీ గురించి పేజీ రాసి 1943 స్టాలిన్‌గ్రాడ్‌కి ఒక లైను ఇవ్వడం సరికాదు.

ఈ యుద్ధాల్లో తెలుగువాళ్ల ఊళ్లకి నేరుగా సంబంధం ఉందా?

ఉంది. నెపోలియన్ 1798లో ఈజిప్టులో దిగిన ఏడాదే, ఫ్రెంచివాళ్ల భయంతో గవర్నర్ జనరల్ వెల్లస్లీ నిజాంతో సైన్య సహకార ఒప్పందం చేసుకుని హైదరాబాదులోని ఫ్రెంచి దళాన్ని రద్దు చేయించాడు. దాన్ని తయారుచేసిన రేమండ్ ఆ ఏడాదే చనిపోయాడు, ఆయన సమాధి ఇప్పటికీ ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు రేవులో చమురు ట్యాంకుల మీద గుళ్లు కురిపించింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ ఊళ్లవాళ్లయితే మీ ఇళ్లలో పెద్దవాళ్లని అడగండి, వాళ్ల అమ్మానాన్నలు చెప్పిన సంగతులు ఇంకా గుర్తున్నవాళ్లుంటారు.

ఎన్ని తేదీలు బట్టీ పట్టాలి?

ముప్పై, నలభై చాలు. మిగతావి కథలో వాటంతటవే కూర్చుంటాయి. రోజుతో సహా కావలసినవి తక్కువ, చాలావాటికి ఏడాది సరిపోతుంది. టెన్షన్ పెట్టుకోవాల్సింది వరస తప్పడం గురించే. వర్సెయిల్స్ సంధి తర్వాత రష్యా విప్లవం అని రాస్తే ఎంత మంచి వాదనైనా పోతుంది.

1945 దగ్గర ఆపేయొచ్చా?

సివిల్స్ సిలబస్‌లో వలసల విముక్తి కూడా ఉంది, కాబట్టి ఆపకండి. 1945 అక్టోబరు 24న ఐక్యరాజ్యసమితి, అంతకుముందే ఆగస్టు 17న ఇండోనేషియా, సెప్టెంబరు 2న వియత్నాం స్వాతంత్ర్య ప్రకటనలు, 1947లో మనం, 1957లో ఘనా, 1960 ఒక్క ఏడాదిలోనే 17 ఆఫ్రికా దేశాలు. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ ఇండియాకే సుమారు 130 కోట్ల పౌండ్లు బాకీ పడింది. వలసల్ని పట్టి ఉంచడానికి డబ్బు లేదు, సైనికులకు ఓపిక లేదు, 1946 ఫిబ్రవరిలో బొంబాయి నావికులు తిరగబడ్డాక నమ్మకమూ లేదు. ఈ భాగానికి విడిగా రెండు పేజీల నోట్స్ పెట్టుకుని, ఒక్కో దేశం పక్కన పాలించిన దేశం పేరు, ఏడాది, చర్చలతో వచ్చిందా పోరాటంతో వచ్చిందా అన్నది రాసుకోండి. అల్జీరియా, వియత్నాం, కెన్యాలకు మాత్రం ఇంకొంచెం చోటు వదలండి.